నవంబర్ నెలాఖర్లో తుంగనాథ్ ఎక్కాలి, దారి మీద ఐసు ఉంటుందంటున్నారు

ప్రశ్న: గజపతినగరం లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా గజపతినగరం. నవంబర్ నెలాఖర్లో నేను, మా ఆవిడ, మా మావయ్యగారు ముగ్గురం ఉత్తరాఖండ్‌లోని తుంగనాథ్‌కి వెళ్దామనుకుంటున్నాం. పంచకేదారాల్లో, అంటే అక్కడి కొండల్లోని అయిదు శివాలయాల్లో, ఒక్కటైనా చూడాలని మావయ్యగారికి చాలా ఏళ్ళుగా కోరిక. ఆయనకి అరవై మూడేళ్ళు. బీపీ మాత్ర వేసుకుంటారు గానీ రోజూ పొద్దున్నే పొలం దాకా నడిచి వస్తారు.

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ నిజాముద్దీన్‌లో దిగుతాం. అక్కణ్ణుంచి ఋషీకేశ్, ఆ తర్వాత దేవప్రయాగ, రుద్రప్రయాగ మీదుగా ఊఖీమఠ్, చోప్తా. చోప్తా నుంచి గుడి నాలుగు కిలోమీటర్ల లోపేనట, అంతా రాళ్ళు పరిచిన దారేనట. అక్కణ్ణుంచి ఇంకో కిలోమీటరున్నర ఎక్కితే చంద్రశిల శిఖరం. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే శిఖరం మీద సూర్యోదయం చూడొచ్చని అందరూ రాస్తున్నారు.

నా సందేహాలు ఇవీ. ఆ రోజుల్లో దారి మీద ఐసు ఉంటుందంటున్నారు, మామూలు స్పోర్ట్స్ బూట్లతో నడవగలమా? బూట్లకి తగిలించుకునే ముళ్ళ గొలుసులు నిజంగా అవసరమా, లేక అద్దెకిచ్చేవాళ్ళు చెప్పే మాటా? మావయ్యగారిని తీసుకెళ్ళొచ్చా? మేం ఎక్కిన కొండలంటే పుణ్యగిరి, రామతీర్థం, అంతే. మంచు ముగ్గురిలో ఎవరమూ చూడలేదు. ఆ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి.

జవాబు: టెక్కలి మాజీ హవల్దార్

మాస్టారూ, నమస్కారం. మాది టెక్కలి పక్క పల్లె. మా వైపు పట్టాళానికి వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండదు. నా సర్వీసులో ఎక్కువ భాగం గఢ్వాల్, హిమాచల్ కొండల్లోనే గడిచింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాళ్ళు పరిచిన దారేనని ధైర్యంగా రాశారు. నా భయమల్లా ఆ రాళ్ళ గురించే. ఆ దారిలో మనిషిని పడగొట్టేది ఎత్తూ కాదు, చలీ కాదు, రాయి మీద కట్టిన ఐసు. జనవరిలో మోకాలి లోతు మంచు పడితే కాలు అందులో దిగబడతాది, పట్టు దొరుకుతాది. నవంబర్ నెలాఖర్లో అలగ కాదు. ఒక రోజు కొంచెం మంచు పడతాది. మర్నాడు ఎండకి కరిగి ఆ నీళ్ళు దారి మీదికి పారతాయి. సాయంత్రం నీడ పడగానే ఎక్కడి నీళ్ళు అక్కడే గడ్డ కడతాయి. తెల్లారి చూస్తే రాయి తడిసినట్టు కాస్త నల్లగా మెరుస్తాది తప్ప ఇంకేమీ కనపడదు. తడే కదా అని కాలేస్తే మనిషి నడుము మీదో మోచేతి మీదో పడతాడు. మట్టి దారికి కొంత గరుకుంటుంది. అరిగిన రాతికి అదీ ఉండదు.

ఐసు దారంతా ఒక్కలాగ ఉండదు. ఆ నెలలో అక్కడ సూర్యుడు మధ్యాహ్నానికి కూడా నడినెత్తికి రాడు, ఏటవాలుగా వెళ్ళిపోతాడు. అందుకని ఉత్తరం వైపు వాలుకి, పెద్ద చెట్ల కిందకి, కొండ మడతల్లోకి ఎండ పడదు. అక్కడ కట్టిన ఐసు వారాల తరబడి అలగే ఉంటుంది. మలుపు తిరిగి ఎండలోకి వచ్చాక దారి పొడిగా ఉంటుంది, మనసు నిమ్మళిస్తుంది, అడుగు పెద్దదవుతుంది. మళ్ళీ మలుపు తిరగ్గానే నీడ. పడేది అక్కడే. దారికి అడ్డంగా ఊటనీరు పారే చోట్లు కూడా అలాంటివే. ఇంకొకటి, గుర్రాలూ మనుషులూ తొక్కీ తొక్కీ నున్నగా చేసిన మంచు. పక్కన ఎవరూ తొక్కని మంచు గరుకుగా ఉంటే దాని మీద నడవండి. అయితే కొండ వైపే నడవాలి గానీ లోయ వైపు అంచు మీద వద్దు. అంచున మంచు కింద రాయి ఉందో ఖాళీ ఉందో తెలీదు.

మూడింటికి బయల్దేరే మాట అసలు పెట్టుకోకండి. రాత్రంతా గడ్డ కట్టి ఐసు బాగా బిగిసి ఉండే వేళ అది. తలకి కట్టుకున్న టార్చి వెలుగులో తడి రాయికీ ఐసుకీ తేడా తెలీదు. చీకట్లో ఎక్కినవాళ్ళు చంద్రశిల నుంచి దిగేసరికి కూడా ఎండ అన్ని చోట్లా పడి ఉండదు. చంద్రశిలకి రాళ్ళు పరిచిన దారి లేదు, వాలు ఎక్కువ. మొదటిసారి మంచు చూసేవాళ్ళు ఎనిమిదింటికి, దారి మీద ఎండ పడ్డాక కదలండి. రెండింటికల్లా దిగడం మొదలవ్వాలి. ఆ నెలాఖర్లో అక్కడ అయిదున్నర లోపే పొద్దు గుంకుతాది, కానీ కొండ నీడ అంతకంటే చాలా ముందే దారి మీద పడతాది. నీడ పడ్డాక కరిగిన నీళ్ళు మళ్ళీ గడ్డ కట్టడానికి ఎంతోసేపు పట్టదు.

బూట్ల సంగతి. మన బజార్లో దొరికే చవక స్పోర్ట్స్ బూట్ల అడుగు చాలావాటికి పీవీసీయే. చలికి అది బిగుసుకుపోతుంది, రాతిని పట్టదు. అడుగున లోతైన గళ్ళున్న రబ్బరు ట్రెక్కింగ్ బూట్లు, చీలమండ పైదాకా వచ్చేవి తీసుకోండి. రెండు మేజోళ్ళు వేసుకున్నా వేళ్ళు కదిలేంత చోటుండాలి. బిగుతైతే రక్తం ఆడక వేళ్ళు ముందే చల్లబడతాయి. నెల ముందే కొని వేసుకుని తిరగండి. కొత్త బూట్లతో కొండెక్కితే మడమలు కొట్టుకుపోతాయి.

ముళ్ళ గొలుసులు అద్దెకిచ్చేవాళ్ళ మాట కాదు, నిజంగా అవసరమే. మైక్రోస్పైక్స్ అని అడగండి. క్రాంపాన్లని పెద్ద ముళ్ళవి వేరే ఉంటాయి. అవి గట్టి బూట్లకి, పెద్ద మంచు వాలులకి. మీకు అక్కర్లేదు.

నడక ఎలగంటే, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి. మడమ ముందు వేస్తే జారుతుంది. అడుగు చిన్నది, మోకాళ్ళు కొంచెం వంచి, ఒళ్ళు బరువు ముందు కాలు మీదకి తేవాలి. దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలుతాం. వాలిన మరుక్షణం కాళ్ళు ముందుకి పోతాయి. చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు, చలేస్తే గ్లౌజులు తొడుక్కోండి. మా పార్టీ పొద్దున్నే కదిలేటప్పుడు ముందు నడిచే మనిషి ఇనప మొన కర్రతో రాతి మీద గీరుకుంటూ వెళ్ళేవాడు. మొన గరగరమంటే రాయి. జర్రున పక్కకి జారితే ఐసు. అప్పుడు ఏమీ అనేవాడు కాదు, కర్ర అడ్డంగా పట్టుకుని ఆగేవాడు. వెనక అందరమూ ఆగి, బూట్లకి ముళ్ళు తగిలించుకుని, ఒకళ్ళు దాటాకే ఇంకొకళ్ళం దాటేవాళ్ళం. మీరూ కర్రలు కొనేటప్పుడు మొనకి రబ్బరు తొడుగుంటుంది, ఐసు మీద అది తీసెయ్యండి. తొడుగుతో కర్ర ఉన్నా లేనట్టే.

జవాబు: శ్రీకాకుళం నుంచి, ఒక ట్రెక్కింగ్ అమ్మాయి

మాస్టారూ, హవల్దార్ బాబాయ్ చెప్పినవన్నీ అక్షరాలా నిజం. నేను నవంబర్ చివర్లో ఆ దారిలో నడిచాను కాబట్టి రెండు మూడు మాటలు కలుపుతాను.

మైక్రోస్పైక్స్ అక్కడ అద్దెకి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికినా మీ బూటు సైజుకి సరిపోవాలి. ముందే కొనుక్కుని ఇంట్లో గ్లౌజులేసుకుని తొడిగి చూడండి. వాటి రబ్బరు పట్టీ చలికి గట్టిపడి సాగదు. నేను మొదటి ఐసు చోటు రాకముందే ఒక రాతి మీద కూర్చుని తగిలించుకున్నాను. కొందరు ఐసు మధ్యకి వెళ్ళాక ఒంటికాలి మీద నిలబడి తొడుక్కోవాలని చూస్తున్నారు, అది చూడ్డానికే భయం వేసింది. ఉత్తి రాళ్ళ మీదకి రాగానే వాటిని విప్పెయ్యాలి. రాతి మీద ముళ్ళు మొద్దుబారతాయి, పైగా అక్కడ అవే జారతాయి.

పొద్దున్న టీ కొట్టువాళ్ళు పొయ్యిలో బూడిద తీసుకొచ్చి కొట్టు ముందు ఐసు మీద చల్లుతూ కనిపించారు. బూడిద పడ్డ మేర అడుగు భలే గట్టిగా నిలబడింది. ఎక్కడైనా దారి మీద బూడిదో మట్టో చల్లి ఉంటే సరిగ్గా దాని మీదే నడవండి.

బట్టల గురించి. మా నాన్నగారు పొందూరు ఖద్దరు తప్ప తొడగరు, మన ఎండలకి దాన్ని మించింది లేదు. కానీ కొండ మీద ఒంటిని తగిలే పొర నూలుది ఉండకూడదు. ఎక్కేటప్పుడు ఆ చలిలోనూ చెమట పడుతుంది. నూలు ఆ తడి వదలదు, ఆగిన అయిదు నిమిషాల్లో వీపు మీద తడిగుడ్డ వేసినట్టు వణుకు మొదలవుతుంది. లోపల పాలిస్టరో ఉన్నిదో, దాని మీద స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి దూరని జాకెట్. స్వెట్టర్లు మన ఊళ్ళో చలికాలం రోడ్డు పక్క పెట్టే దుకాణాల్లో కొన్నా చాలు, డబ్బు బూట్ల మీద పెట్టండి. ఎక్కేటప్పుడు ఒక పొర తీసెయ్యండి, ఆగగానే వేసుకోండి.

నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టుకోండి. నీళ్ళు పైనుంచి గడ్డ కడతాయి కాబట్టి మూత దగ్గర నీళ్ళుగానే ఉంటాయి. ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. బయట ఉంటే బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. తినడానికి పలాస జీడిపప్పు, నువ్వుల చిమ్మిలి పట్టుకెళ్ళాను. భీమాళి తాండ్ర కూడా పట్టుకెళ్ళాను గానీ చలికి గట్టిపడుతుంది, ఇంటి దగ్గరే చిన్న ముక్కలు కోసుకోండి.

ఇక ముఖ్యమైన సంగతి. మీరు వెళ్ళేసరికి తుంగనాథ్ గుడి తలుపులు మూసి ఉంటాయి. ఏటా అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో మూసేస్తారు. స్వామి ఉత్సవమూర్తిని డోలీలో కిందున్న మక్కూమఠ్‌కి తీసుకొస్తారు. చలికాలమంతా పూజలు అక్కడి మార్కండేయ ఆలయంలోనే. పైకి దారి ఉంటుంది, కొండలు చూడొచ్చు, చౌఖంబా శిఖరం ఎదురుగా కనిపిస్తుంది, కానీ దర్శనం ఉండదు. మావయ్యగారి కోరిక దర్శనమైతే ఆయన ఐసు మీద అడుగు పెట్టాల్సిన పనే లేదు. మక్కూమఠ్‌కి బండి వెళ్తుంది. ఊఖీమఠ్‌లో ఓంకారేశ్వర ఆలయం ఉంది, చలికాలంలో కేదారనాథుడికీ మధ్యమహేశ్వరుడికీ పూజలు అక్కడే. అంటే మూడు కేదారాల స్వాములూ ఆ రోజుల్లో కిందే ఉంటారు. మా అమ్మమ్మని ఆ రెండు గుళ్ళకీ తీసుకెళ్ళాను. మక్కూమఠ్ గుడి అరుగు మీద ఎండలో కూర్చుని ఆవిడ లేవనంది.

జవాబు: రాజాం డాక్టర్

మావయ్యగారి విషయం వరకు రాస్తాను. ఊఖీమఠ్ సుమారు 1,300 మీటర్ల ఎత్తు. చోప్తా 2,700, తుంగనాథ్ 3,680, చంద్రశిల 4,000 దగ్గర. 2,500 దాటాక కొత్తవాళ్ళకి ఎత్తు పడకపోవచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. అది వయసును బట్టి కాదు, గట్టిగా ఉండే కుర్రాళ్ళకీ వస్తుంది. ఋషీకేశ్ నుంచి తిన్నగా చోప్తా వెళ్ళి పడుకోకుండా ఊఖీమఠ్‌లో ఆగండి. తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్ళొద్దు. తగ్గకపోయినా, నడక తడబడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి తీసుకురావాలి, మందు వేసి చూద్దామని ఆగకూడదు. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి మీ డాక్టర్‌ని అడిగే తీసుకోండి, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట ముందే చెప్పండి.

చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. ప్రయాణంలో మాత్ర మానకూడదు. ఆయన రక్తం పల్చబడే మందు ఏదైనా వాడుతున్నారేమో చూడండి. వాడుతుంటే ఐసు మీద పడి తలకి దెబ్బ తగలడం మామూలు సంగతి కాదు. పైకి గాయం కనబడకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మీ ఇద్దరికీ కూడా ఒక మాట. చలిలో మనిషి గట్టిగా వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, గుండీ పెట్టుకోలేకపోతే ఒంటి వేడి పడిపోతోందని అర్థం. తడిబట్టలు మార్చి, గాలి తగలని చోట కూర్చోబెట్టి, స్పృహలో ఉంటే తియ్యగా వేడి టీ ఇవ్వండి. మద్యం వద్దు, దాంతో ఒంటి వేడి ఇంకా పోతుంది. వేళ్ళు తెల్లబడి స్పర్శ తెలీకపోతే రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి, చంకలో పెట్టుకోండి.

మళ్ళీ అడిగింది: గజపతినగరం లెక్కల మాస్టారు

అందరికీ చాలా కృతజ్ఞతలు. అన్నీ మావయ్యగారికి చదివి వినిపించాను. మక్కూమఠ్ మాట విని ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, స్వామి కిందికొచ్చి కూర్చుంటే మనం పైకెక్కి తలుపులు చూడ్డమేమిట్రా అన్నారు. ఆయన ఊఖీమఠ్‌లోనే ఉంటారు, రెండు గుళ్ళూ చూస్తారు. మేమిద్దరం చోప్తా నుంచి గుడి దాకా ఎక్కుతాం. సూర్యోదయం మాట వదిలేశాం.

హవల్దార్ బాబాయ్‌గారూ, ఇంకొక్కటి. మా ఆవిడకి జారుడంటే బాగా భయం. ఐసు చోట్ల చెయ్యి పట్టుకుని నడిపిస్తే మంచిదేనా? ఎక్కడి దాకా వెళ్ళాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి, అది ఎలా తెలుస్తుంది?

జవాబు: టెక్కలి మాజీ హవల్దార్

మాస్టారూ, మావయ్యగారు మంచి మాటన్నారు.

చెయ్యి పట్టుకోవద్దు. ఒకరు జారితే రెండోవారిని లాగుతారు, ఇద్దరూ పడతారు. అమ్మగారి రెండు చేతుల్లోనూ రెండు కర్రలుండాలి. ఎక్కేటప్పుడు ఆవిడ ముందు, మీరు వెనక, కానీ ఆవిడకి సరిగ్గా కింద కాదు, కాస్త పక్కగా, నాలుగైదు అడుగుల ఎడంగా ఉండండి. దిగేటప్పుడు మీరు ముందు వెళ్ళి, గట్టిగా నిలబడే చోటు చూసుకుని ఆగి, ఇక్కడ కాలెయ్యి, ఇక్కడ కర్ర పెట్టు అని నెమ్మదిగా చెప్పండి. తొందర పెట్టొద్దు. వెనకాల జనం ఆగితే ఆగనివ్వండి, వాళ్ళకి దారిచ్చి మీరు కొండ వైపు నిలబడండి. మరీ నున్నగా ఉన్న చోట కూర్చుని దిగినా తప్పు లేదు, అయితే కింద మెట్టు కనబడాలి, పక్కన లోయ ఉండకూడదు. పడటం తప్పదనిపిస్తే చేతులు వెనక్కి ఆన్చకుండా పక్కకి ఒరిగి పడండి. వెనక్కి ఆన్చిన చేతికి మణికట్టు విరుగుతాది.

ఎక్కడ తిరగాలంటారా. ఎక్కడం దిగడం కంటే తేలిక. అందుకని ఐసు చోటు వచ్చినప్పుడల్లా, దాటకముందే ఆగి చూసి, దీన్ని ఇప్పుడే దిగమంటే దిగగలనా అని అమ్మగారిని అడగండి, మీరూ అడుక్కోండి. ఇద్దరిలో ఒకరు లేదంటే అక్కడే ఆగిపోండి. ఆ మాట మీద వాదన వద్దు. గడియారం కూడా చూసుకోండి. గుడి కనిపిస్తున్నా రెండయితే తిరగాల్సిందే. మబ్బు కమ్మినా తిరగండి, ఎండ పోతే మధ్యాహ్నమే గడ్డ కట్టడం మొదలవుతాది. చంద్రశిల ఈసారికి వదిలెయ్యండి. చోప్తాలో రెండు డిగ్రీలుంటే ఆ పైన ఎనిమిది డిగ్రీలు ఇంకా తక్కువ ఉంటుంది, ఆ మీద గాలి.

కాళ్ళు ఇప్పట్నుంచే తయారు చేసుకోండి. పుణ్యగిరి మెట్లు ఎలాగూ మీకు దగ్గరే. ఆదివారం వెళ్ళి ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టండి. వీపున నాలుగు కిలోల సంచి, చేతిలో కర్రలు, పాదం మొత్తం ఆన్చి, చప్పుడు కాకుండా దిగాలి. బూటు టపటపమందంటే బరువు ఆగలేదన్నమాట. మోకాళ్ళ పైన తొడలు నొప్పి పెడితే మంచిదే, ఐసు మీద మిమ్మల్ని నిలబెట్టేవి అవే.

ఊఖీమఠ్‌లో గది మావయ్యగారి పేరు మీద వరసగా మూడు రాత్రులకి తీసుకోండి. మీరు కొండ మీద ఆలస్యమైనా ఆయనకి ఇబ్బంది ఉండదు. ఎన్నింటికి దిగుతారో ఆయనకీ, గది ఇచ్చిన వాళ్ళకీ చెప్పి వెళ్ళండి. పైన సిగ్నల్ అన్ని చోట్లా అందదు, అందిన చోట అవసరమైతే 112 కొట్టండి.